పడమటి గోడ

ఆదెమ్మ పాత పంచెగుడ్డలో సున్నం వడకడుతోంది. నానబెట్టిన కరక్కాయల నీళ్లు, కాస్త బెల్లం పాకం అందులో పోసి కర్రతో తిప్పింది. ఆమె వేళ్ల సందులు ఎప్పుడో పగిలి తెల్లబడ్డాయి. అన్నం కలుపుకుంటే మండుతున్నాయని కూరలో కారం మానేసి పదేళ్లయింది.

గురజాల దాటాక వచ్చే ఆ చిన్న స్టేషనులో కాగితాల ప్రకారం ఆమె ఊడ్చే మనిషి. సున్నం ఆమె సొంత పిచ్చి. ముప్పై రెండేళ్ల కిందట ఈ లైను వేసినప్పుడు, ఈ గోడలు కట్టిన వడ్డెర్లలో ఆమె మొగుడు వీరాంజనేయులు ఒకడు. ఆమె రాయి అందించేది. పడమటి గోడకు పైవరస పెడుతూ అతను పరంజా మీదనుంచి జారిపడ్డాడు. వారం తిరక్కుండా పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్లు రమ్మన్నా ఆమె వెళ్లలేదు. గోడను వదిలి ఎక్కడికి పోతుంది పాపం!

పందొమ్మిది వందల అరవై రెండు అది. సాగర్ డ్యాం కడుతున్న రోజులు, ఎవరి నోట విన్నా సిమెంటు మాటే. గుంటూరునుంచి ఇంజనీరు వస్తున్నాడనీ, పాత బిల్డింగు బాగుందంటే ఉంచుతారనీ, లేదంటే పడగొట్టి రేకుల షెడ్డు వేస్తారనీ స్టేషను మాస్టరు వెంకట్రామయ్య ముందురోజే చెప్పాడు. ఆదెమ్మ ఆ రాత్రి ముద్ద ముట్టలేదు.

వెయిటింగు హాల్లో పడమటి గోడకు పగులుంది. దూలం దగ్గర మొదలై కిటికీ దాకా దిగింది. రెండేళ్ల కిందట వెంట్రుకంత. ఇప్పుడు వేలు దూరుతుంది. ఏ తనిఖీ వచ్చినా ఆమె ముందుగా దాన్ని కప్పేస్తుంది. ఈసారీ గోనెపీచు కుక్కి, సున్నం మెత్తి, గులకరాయితో నున్నగా రుద్దింది. వెనక వైపు ముళ్లకంప కాబట్టి అటు వెళ్లలేదు. అటు ఏ దొర పోతాడు గనక?

దీపాలు తుడుస్తూ వచ్చిన పోర్టరు యాకూబ్ ఇది చూశాడు.

"పిన్నమ్మా, ఇది చానా పెరిగింది. మాస్టారికి చెప్పరాదూ."

"చెప్తే పడగొడతారు."

"మడిసి మీద పడితేనో?"

"నా మొగుడు కట్టింది. అట్టా పడదులే, నువ్వు పో."

అలా నమ్మింది ఆమె. యాకూబ్ దీపాలు తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి పోయాడు.

పదింటికి ఇంజనీరు ట్రాలీ మీద వచ్చాడు. సన్నటి మనిషి, మాట పొదుపు. హాలంతా చూశాడు, కంప తప్పించుకుంటూ స్టేషను చుట్టూ తిరిగొచ్చాడు, పుస్తకంలో ఇంగ్లీషులో ఏదో రాసుకున్నాడు. ముప్పై ఏళ్లకు బాగానే నిలబడిందని వెంకట్రామయ్యతో ఒక్క మాట అని మాచర్ల వైపు వెళ్లిపోయాడు. చీపురు పట్టుకుని పక్కనే నిలబడిన ఆదెమ్మ ఆ మాట విన్నది. ఆమెకు ఏడుపొచ్చింది. హాల్లోకి వెళ్లి గోడకు చెయ్యి ఆనించి, "ఇన్నావా" అంది.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. మూడింటి బండికోసం వచ్చిన కూలీలు పదిహేనుమంది హాల్లోకి చేరారు. వెల్దుర్తి వైపు పనులకు పోతున్నవాళ్లు. గోడవార మూటలు పెట్టి, వాటికి ఆనుకుని కూర్చున్నారు. నీళ్లు ఊడ్వడానికి వచ్చిన ఆదెమ్మ తలెత్తి చూసింది. గోనెపీచు బయటికి పొడుచుకొచ్చింది. దాని వెంట మట్టినీళ్లు కారుతున్నాయి. కిటికీ చట్రం పక్కకు ఒరిగింది.

"లెగండి. గోడ పడుద్ది," అంది.

ఎవరూ లేవలేదు. పొద్దున్నే దొర చూసి బాగుందన్నాడని మాస్టారే చెప్పాడు, వానలోకి తోలతావేందని ఒక పెద్దాయన విసుక్కున్నాడు.

"ఆయనకి కనపడకుండా నేనే కప్పా. తప్పు నాదేనయ్యా, లెగండి."

ముసలిదానికి మతి పోయిందని నవ్వారు. ఆదెమ్మ మూలనున్న సున్నపు బక్కెటెత్తి వాళ్ల మీద, మూటల మీద కుమ్మరించింది. కళ్లు మండి, బండబూతులు తిడుతూ ఒకరి మీద ఒకరు పడి బయటికి ఉరికారు. కొట్టడానికి ఇద్దరు వెనక్కి తిరిగారు. ఆమె అందరి వెనకా వస్తోంది. గడపకు రెండడుగుల దూరంలో ఉంది.

పెద్ద చప్పుడు కాలేదు. తడిసిన గోడ కదా, కూలబడినట్టు పడింది. కొట్టబోయిన ఆ ఇద్దరే యాకూబ్‌తో కలిసి రాళ్లు తీశారు. అప్పటికే ప్రాణం లేదు.

కాగితాల్లో భారీ వర్షమని రాశారు. పగులు మాట యాకూబ్ ఎత్తలేదు.

వారం తర్వాత గూడ్సు బండి ఎనిమిది బస్తాల సిమెంటు దించింది. వెంట ఒక ఉత్తరం. తనిఖీ చేసిన రోజునే ఇంజనీరు రాసింది అది. వెంకట్రామయ్య యాకూబ్‌కి తెలుగులో చెప్పాడు: వెనక వైపు పగులు చూశాను, పడమటి గోడ ఒక్కటే విప్పి మళ్లీ కట్టండి, బిల్డింగు పడగొట్టే పనిలేదు.

"ఇంకోసారి చదవండయ్యా," అన్నాడు యాకూబ్. మాస్టరు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక గోడ కూలి మనిషి పోయిందని మిగిలిన గోడలు కూడా పడగొట్టి రేకుల షెడ్డు వేశారు. దాని గచ్చుకు ఏడు బస్తాలు పట్టాయి. ఎనిమిదోది వానకు తడిసి, ప్లాట్‌ఫారం చివర గోనెసంచితో సహా బండలా గడ్డకట్టింది. బండి ఆలస్యమైనప్పుడు జనం దాని మీద కూర్చుంటారు.