కాలవకి అప్పిచ్చిన దర్జీ

వీధికి మురుగుకాలవ కట్టడానికి మున్సిపాలిటీ జనానికే బాండ్లు అమ్మి అప్పు తీసుకుంది. భార్య చెప్పకుండా ఒకటి కొన్నదని తెలిసి దర్జీ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇక ఆ డబ్బుకి నీళ్ళొదులుకోవలసిందే."

"వడ్డీతో ఇస్తారట. ఇన్నేళ్ళూ మున్సిపాలిటీని ఊరికే తిట్టిపోశారుగా, ఏమొచ్చింది?"

పని మొదలయ్యాక అతను మెడలో టేపుతోనే వెళ్ళి కాలవ గోడ కొలిచాడు. పని దగ్గర పెట్టిన బోర్డు మీద రాసినదానికన్నా సన్నగా ఉంది.

"అడగడానికి నువ్వెవరయ్యా?" అన్నాడు మేస్త్రీ.

మున్సిపాలిటీ గుమ్మంలో ఎప్పుడూ చేతులు కట్టుకుని నిలబడే దర్జీ, ఈసారి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"దీనికి అప్పిచ్చినవాణ్ణి."

మేస్త్రీ కూలీలని పిలిచి గోడ విప్పించాడు.

సాయంత్రం దర్జీ మిషను మీంచి తలెత్తకుండానే భార్యనడిగాడు.

"వీధి దీపాలకి బాండ్లెప్పుడు అమ్ముతారట?"