పట్టీ మీద ఫోను

సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మేస్త్రీని తన స్టాల్లో నిలబడమని బామ్మర్ది బతిమాలాడు. "నువ్వు ఊరికే ఉంటే చాలు బావా. నీ మీసం చూసి కొంటారు."

ఆయుధాల ప్రదర్శన అది. మెత్తటి తివాచీలు, చల్లగాలి, కాఫీ వాసన. బల్లల మీద తుపాకులు నగల కొట్లోలా మెరుస్తున్నాయి. ఒక్కోదాని వీపున, దుర్భిణీలాంటివి బిగించడానికి అడ్డంగా గాడులు కోసిన లోహపు పట్టీ. ఆ పట్టీ అంటే మేస్త్రీకి గౌరవమే. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కో తుపాకీకి ఒక్కో రకం బిగింపు. దుర్భిణీ చెడిపోతే సరిపడేది దొరక్క తల ప్రాణం తోకకొచ్చేది. పట్టీలన్నిటికీ ఒకే కొలత వచ్చాక ఏది తెచ్చినా టక్కున కూర్చునేది.

మధ్యాహ్నం బామ్మర్ది కొత్త సరుకు విప్పి, పట్టీకి ఒక క్లిప్పు తగిలించి అందులో తన ఫోను బిగించాడు.

"ఇదెందుకురా?"

"వీడియోలకి బావా. ఇప్పుడంతా ఇదే."

కాఫీ కప్పుతో ఒక అధికారి వచ్చాడు. "కాల్చినప్పుడు అదరదా?"

"అస్సలు అదరదు సార్, చూడండి."

బామ్మర్ది ఫోన్లో అలాంటి క్లిప్పుతో తీసిన వీడియో పెట్టాడు. ఒక ఇరుకు సందు. పరుగెత్తుతున్న కుర్రాడు వెనక్కి తిరిగాడు. తుపాకీ పేలింది. బామ్మర్ది అక్కడే ఆపి, రెండు వేళ్ళతో ఆ మొహాన్ని పెద్దది చేశాడు. "కనురెప్పలు కూడా లెక్కపెట్టుకోవచ్చు సార్!"

"భేష్," అన్నాడు అధికారి, కాఫీ చప్పరిస్తూ. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మేస్త్రీ ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. క్లిప్పు ఊడబీకి, ఎంగిలి కప్పుల బుట్టలో పడేశాడు.

"పిచ్చా బావా నీకు? నువ్వు బాగుచేసిన తుపాకులు పువ్వులు పూశాయా?"

మేస్త్రీ బయటికి నడిచాడు.

ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. "ఆ పిల్లాడెవరో అడిగారా?"

అడగలేదు. అడగాలని తట్టనే లేదు. తనమీద తనకే రోత పుట్టింది.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసి అదే అడిగింది.

"ఏమో అక్కా, కంపెనీవాళ్ళు పంపారు. ఎవడైతే ఏంటి?"

"ఇక మా గుమ్మం తొక్కకు," అని పెట్టేసింది.

క్లిప్పులన్నీ అమ్ముడైపోయాయని, ఇంకా కావాలని జనం ఎగబడుతున్నారని తర్వాత చుట్టాల ద్వారా తెలిసింది. ఆ పూట మేస్త్రీ కంచం పక్కకు నెట్టి లేచాడు.