రైలుకట్ట కింద చోటు

క్రిస్మస్ మర్నాడు తెల్లవారేసరికి ప్రభుత్వ అడవి ముందున్న స్థలం ట్రక్కులతో సంతలా ఉంది. పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకులకు మాత్రమే వదిలిన జింకల వేట ఆ రోజే మొదలు. చెకుముకి రాయి రాల్చే నిప్పురవ్వ మీద భారం వేసి, ఒక్క గుండు పేల్చుకునే ఆ పాతకాలపు తుపాకీకి ఇంతమంది భక్తులా అని అర్లన్‌కు చిరాకేసింది.

ఇదివరకైతే లెక్కచేసేవాడు కాదు. రెండు కొండలు దాటితే నరమానవుడు కనిపించడు. ఈసారి అలా కుదరదు. అన్న మెర్విన్‌కు షుగరు ముదిరి కుడికాలు పాడైంది. జనవరి చివర్లో మోకాలి కింద తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆలోపు అన్న చేత ఒక్క జింకనైనా కొట్టించాలని అర్లన్ పంతం. మిగతావేవీ అతని చేతుల్లో లేవు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ వేటాడిన పొలాన్ని కూడా కొత్త యజమాని పట్నం క్లబ్బుకు కౌలుకిచ్చేశాడు. ఇక మిగిలింది అందరిదీ అయిన ఈ అడవే.

ఆ రోజు అతను తుపాకీ ట్రక్కులోనే వదిలేసి, మంచులో అడుగుజాడలు చూస్తూ నిలబడ్డాడు. అన్నీ కొండ మీదికే. పక్కవాడికంటే నాలుగడుగులు ఎక్కువ నడిస్తే జింక తనదే అని ప్రతివాడి నమ్మకం. ఎడమకు తిరిగిన జాడ ఒక్కటీ లేదు. అటు రోడ్డు పక్కనే పట్టాలు పీకేసిన పాత రైలుకట్ట, దాని కింద ముళ్ళపొదలు, బురద. ఎన్నేళ్ళుగానో అర్లన్ కూడా దానికి వీపు తిప్పి కొండే ఎక్కాడు. దిగి చూస్తే, పొదల మధ్య జింకలు పడుకున్నచోటల్లా మంచు కరిగి గుంటలు పడి ఉన్నాయి. పెంటికలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని జిల్లాలోని వేటగాళ్ళంతా తీర్మానించుకున్నట్టున్నారు.

ఇంటికెళ్ళి చెబితే మెర్విన్ మూతి ముడిచాడు.

"రోడ్డు పక్కనా? నన్ను బస్సు కోసం కూర్చున్న ముసలాణ్ణి చేస్తావేంట్రా?"

"జింకలకే లేని నామోషీ నీకెందుకన్నా?"

"సర్లే. ఉన్నది ఒక్క జింకకే పర్మిట్టు. అది పడితే ఈ ఏటికి ఆట కట్టు. తర్వాత నీకు నా బాధ తప్పుతుంది."

ఆ మాట అర్లన్ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అక్కడ ట్రక్కు నిలిపితే చాలు, చోటు ఊరంతటికీ తెలిసిపోతుంది. అందుకని మర్నాడు అర్లన్ భార్య ఫే ఇద్దర్నీ కట్ట దగ్గర దింపింది.

"దొంగల్ని దింపి పోతున్నట్టుంది నాకు," అంది.

"పట్టుబడితే నీ పేరే చెబుతాంలే," అన్నాడు మెర్విన్. చాలా రోజుల తర్వాత అతను నవ్వాడు.

అన్న భుజాన్ని పట్టుకుని కట్ట కిందికి మెల్లగా దింపి, బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టాడు అర్లన్. సన్నగా తుంపర పడుతోంది. తనే గొట్టంలో మందూ గుండూ కూరాడు. మందుకు తడి తగలకుండా, నిప్పు లోపలికి పోయే చిన్న కంతలో టర్కీకోడి ఈక దూర్చి, అడ్డం రాకుండా పొట్టిగా కత్తిరించాడు. పేల్చే ముందు ఆ ఈక లాగేసి, కంత పక్కన రవ్వ పడే బుల్లి పళ్ళెంలో మెత్తటి మందు పోయాలి. అర్లన్ మందు బుడ్డి తీయబోతుంటే అన్న తుపాకీ లాక్కున్నాడు.

"ఇలా ఇవ్వు. ఇంకా అంత చేతకానివాణ్ణి కాలేదు."

పళ్ళెంలో మందు తనే పోసుకున్నాడు. ఇద్దరూ బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్లు తిని కూర్చున్నారు. కొంతసేపటికి కొండ మీద ఎవరో పేల్చారు. ఆ చప్పుడుకు బెదిరిన ఆడజింక ఒకటి దిగొచ్చి, పొదల అంచున పక్కకు తిరిగి నిలబడింది. అంత దగ్గరగా ఉంటే గురి తప్పే మనిషి కాడు మెర్విన్. తుపాకీ ఎత్తాడు. చాలాసేపు గురి చూశాడు. నొక్కాడు.

పళ్ళెంలో మందు భగ్గుమంది, అంతే. గుండు కదల్లేదు. జింక తోక ఎత్తి కట్ట దాటిపోయింది.

అర్లన్ తుపాకీ అందుకుని, ఆలస్యంగా పేలుతుందేమోనని కాసేపు కొనను బురదకేసి పట్టుకున్నాడు. తర్వాత కంత చూశాడు. అందులో దారి మూసేసి మాడిన ఈక మొదలు.

"అన్నా, నేనే దూర్చాను. పొట్టిగా కోశాను, నీకు కనపడదు. చెప్పాలనుకుని మరిచాను. నీకున్న ఒక్క అవకాశం నా చేతులతో పాడుచేశాను."

మెర్విన్ జింక పోయిన దిక్కుకే చూస్తున్నాడు.

"కనపడింది."

"ఏంటి?"

"ఈక. చెడింది కాలురా, కళ్ళు కాదు."

"మరి తియ్యలేదేం?"

"తీస్తే పడేది. పడితే రేపు నన్నిక్కడికి ఎందుకు తీసుకొస్తావు?"

రోడ్డు మీద ఏదో ట్రక్కు పోయింది. అర్లన్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మాడిన మొదలును సూదితో పెకలించి, సంచిలోంచి కొత్త ఈక తీసి కంతలో గుచ్చాడు. ఈసారి కత్తిరించలేదు.