మూడు పొగల విచారణ

మాంసానికి పొగ పట్టించడం రాజ్యపాలన కన్నా గహనమైన విద్య. రాజ్యాన్నయితే మంత్రులకు వదిలేసి నిద్రపోవచ్చు, పొగ విషయంలో ఆ వెసులుబాటు లేదు. తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యేళ్లు ఇన్‌స్పెక్టరుగా వెలిగి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషికి ఈ సత్యం పోయిన ఆదివారమే బోధపడింది. ఆయన పెరట్లో కాల్చిన కోడి పైన మాడి, లోపల పచ్చిగా మిగిలి, బంధుజనం ఎదుట ఆయన పరువును గంగలో కలిపింది.

"వచ్చే ఆదివారమూ ఇదే తంతయితే, ఇకమీదట పెరటి వంట మా తమ్ముడికే అప్పగిస్తానండీ," అని ఇల్లాలు తీర్పు చెప్పింది.

శుక్రవారం పొద్దున్నే ఆయన జేబులో చిన్న తక్కెడ వేసుకుని పొగపొయ్యిల దుకాణంలో అడుగుపెట్టారు.

"కట్టెలది తీసుకోండి సార్. ఆ వాసనే వేరు," అన్నాడు దుకాణదారు.

అడగకముందే కట్టెల పేరెత్తాడంటే, అవి అమ్ముడుపోక మూలుగుతున్నాయన్నమాట.

"మరి బొగ్గుది?"

"అదీ మంచిదే సార్. వేడి నిలకడగా ఉంటుంది."

ఒకే నోటితో రెండింటినీ మెచ్చుకోవడం! దొంగ తూకంరాళ్లను పట్టుకున్న కళ్లకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"మూడు రకాల పొయ్యిల్లోంచీ బూడిద పట్రా."

"బూడిదా సార్?"

"నువ్వు మాట మారుస్తావు. బూడిద మార్చదు."

దుకాణదారు నమూనా పొయ్యిలు గీకి మూడు పొట్లాలు కట్టి తెచ్చాడు. కట్టెలది గుప్పెడు, బొగ్గుది అందులో సగం. రంపపు పొట్టును నొక్కి చేసిన గుళికలతో మండేదానికి మాత్రం చిటికెడే. ఇన్‌స్పెక్టరు గారు మూడింటినీ తూచి, మిగతాది ఎక్కడ దాచావన్నట్టు అతని వంక చూశారు.

అంతలో ఫోను మోగింది. బావమరిది.

"బావగారూ, ఏది కొన్నా కొనండి గానీ ఆ గుళికలది మాత్రం వద్దు. మీ ఇంటికి పనికిరాదు."

"ఎందుకు పనికిరాదో నాకు తెలుసులేవోయ్!" అని పెట్టేశారు.

పెరటి సింహాసనం మీద కన్నేసినవాడు వద్దంటున్నాడు. అమ్మేవాడు దాని ఊసే ఎత్తలేదు. ఇద్దరూ కూడబలుక్కుని దాచిన రత్నం ఇదే!

"గుళికలదే ఇంటికి పంపించు."

"సార్, ఒక్క మాట..."

"ఆ మాట నీకెవరు నేర్పారో కూడా తెలుసు. పంపించు."

ఆదివారం బంధువులు కుర్చీలు లాక్కుని చుట్టూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు గారు పట్టాభిషేక గాంభీర్యంతో గుళికలు పోసి, మీట నొక్కారు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కారు. మూత ఎత్తి లోపల కుట్ర కోసం వెతికారు.

"చూశావుటే, నాసిరకం అంటగట్టాడు! వాడూ మీ తమ్ముడూ కుమ్మక్కు!"

మసాలా పట్టించిన కోడి ఉన్న పళ్లేన్ని ఇల్లాలు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. అతను అందుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఆ పొయ్యి కరెంటుతో నడుస్తుంది. పెరట్లో ప్లగ్గు లేదు.