లైనింగు మీద పడుకున్న కుక్క

కుక్క మూతి పట్టుకోవాలా, తోక పట్టుకోవాలా? మూతి పట్టుకుంటే తోక రేకుపెట్టె మీద దరువేస్తోంది. తోక పట్టుకుంటే గొంతులోంచి సన్నగా కూత బయలుదేరుతోంది. చివరికి మూతిని చంకలో ఇరికించుకుని, తోకను గుప్పిట బిగించి, మంచానికీ పెట్టెకీ మధ్య నేలమీద చతికిలబడ్డాను. జీవితమంతా బస్సు స్టీరింగు పట్టుకున్న చేతులివి. దేన్నీ ఇంత గట్టిగా పట్టుకున్న గుర్తు లేదు.

నా గదికీ కొట్టుకీ మధ్య ఉన్నది గడియ ఊడిపోయిన తలుపొక్కటే. అటుపక్క మా ఆవిడ కుట్టుమిషను, దాని ముందు బల్ల, బల్ల దగ్గర పంతులమ్మ. పంతులమ్మంటే పెద్దరోడ్డు అవతలి బడిలో చిన్నపిల్లలకి చదువు చెప్పే అమ్మాయి. వాళ్ళ నాన్న కలప డిపోలో కాపలా మనిషిగా చేశాడు. జబ్బుచేసి ఆసుపత్రిలో పడ్డాడు. మనిషి సగమైపోయాడనీ, ఆయనొచ్చేలోపు ఉన్ని కోటు కూడా ఆ మేరకు తగ్గించమనీ ఆ అమ్మాయి ఇచ్చి వెళ్ళింది.

"అయిందా అక్కా?"

"ఎప్పుడో అయింది. పక్కలు తగ్గించాను, లైనింగు కొత్తది వేశాను. నాన్నగారెలా ఉన్నారు?"

"నిన్నే ఇంటికొచ్చారు." గొంతు తగ్గించింది. "అక్కా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోవుగా? కోటులోంచి తీసేసిన ముక్కలుంటాయి కదా, పాత లైనింగూ అదీ. అవి నాకు కావాలి."

మిషను ఆగిపోయింది.

కుట్టుపనిలో ఒక ధర్మముంది. మిగిలిన ముక్క దర్జీది. ఆ ముక్క అడగడమంటే దర్జీ మొహం మీదే దొంగ అన్నట్టు లెక్క. ఇదివరకు జానెడు గుడ్డ కోసం ఎవరో ఆరా తీస్తే మా ఆవిడ వాళ్ళ వంశం మొత్తాన్నీ కొలతలు తీసి పంపింది. ఇప్పుడు మాత్రం గొంతు లేవలేదు.

"ఆ చిరుగుల గుడ్డతో నీకేం పనమ్మాయ్?"

"నాన్న కుక్క తప్పిపోయిందక్కా. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చూసుకుందామని డిపోలోంచి మా ఇంటికి తెచ్చుకున్నా. నేనిక్కడ కోటిచ్చి వెళ్ళిన వారంలోనే తాడు తెంపుకుని పోయింది. ఆయనకి ఇంకా చెప్పలేదు. మేడ మీద కట్టేశాను, మీ దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు చెప్పాడు అని నెట్టుకొస్తున్నా. పొద్దున నేను వంటింట్లో ఉంటే మెట్లెక్కి చూసొస్తానని లేచి పడబోయారు. రెండో మెట్టు మీద పట్టుకున్నాను." ముక్కు ఎగబీల్చింది. "పెంచినవాళ్ళ వాసనున్న గుడ్డ గుమ్మంలో పెడితే వెతుక్కుంటూ వస్తుందని పశువుల డాక్టరు చెప్పాడు. ఇంట్లో బట్టలన్నీ నేనే ఉతికేశాను, బుద్ధిలేక. ఉతకనిది ఆ కోటొక్కటే."

నేను కిందికి చూశాను. ముదురు గోధుమరంగు గుడ్డ, చంకల దగ్గర చిరిగి, చెమటకి రంగు మారింది. కుక్క నాలుగు కాళ్ళూ దాని మీదే ఉన్నాయి.

ఆ కుక్క మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు నేనీ గదిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. బస్సు ఎప్పుడు కదలాలో డ్రైవరు నిర్ణయించడు. కండక్టరు "రైట్ రైట్" అంటాడు, డ్రైవరు కదులుస్తాడు. ఒకరోజు అతను రైట్ అన్నాడు, నేను కదిల్చాను, వెనక తలుపులోంచి దిగుతున్న మనిషి చక్రం కిందికి వెళ్ళిపోయాడు. ఎవరి తప్పూ లేదని తేల్చారు. తేల్చినవాళ్ళు భోజనాలకి వెళ్ళారు. నేను ఇంటికొచ్చి ఈ మంచం ఎక్కాను. అప్పట్నించీ వీధి గుమ్మం దాటబోతే కాళ్ళు నావి కాకుండా పోయేవి. పాము కరిచినవాడు తాడును చూసినా భయపడతాడని చుట్టాలు ఓదార్చారు. నాకు తాడు కూడా అక్కర్లేదు, గుమ్మం చాలు. మా ఆవిడ నెలల తరబడి అరిచింది, బతిమాలింది, చివరికి ఏమీ అనకుండా కంచం గదిలోకి తెచ్చివ్వడం మొదలుపెట్టింది. ఆ ఏమీ అనకపోవడానికే నాకు భయమేసింది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆవిడ ఆ ఉన్ని కోటు పాత లైనింగు విప్పి, పారేయడానికి అరుగు మీద పడేసింది. ఎక్కడిదో ఒక కుక్క వచ్చి దాని మీద పడుకుంది. చీపురుతో అదిలిస్తే కదల్లేదు. "ఏవండీ, దీన్ని తోలండి!" అని కేకేస్తే విసుక్కుంటూ గుమ్మం దాకా వచ్చాను. అది లేచింది, నాలుగడుగులు వేసింది, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కండక్టరులాగా వెనక్కి తిరిగి నా వంక చూసింది. నేను దాని వెనక వెళ్ళాను. వీధి చివర పాలబూతు దగ్గర తేరుకుని చూసుకుంటే ఒళ్ళంతా చెమట, అయినా నిలబడే ఉన్నాను.

కండక్టరు అని పేరు పెట్టాను. రోజూ తిప్పాను. పెద్దరోడ్డు దగ్గరికి రాగానే అది ఆగి అవతలికి చూస్తూ కూర్చునేది. నా భయం కనిపెట్టి ఆగుతోందని మురిసిపోయేవాణ్ణి. వచ్చిన రోజున దాని మెడలో తెగిన తాడు ముక్క ఉంది. మా ఆవిడ కత్తెరతో దాన్ని కత్తిరించి, రెండు మడతల గుడ్డతో పట్టీ కుట్టి కట్టింది. ఆవిడ కత్తిరించడం నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది. ఇద్దరం దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాం.

"పారేశానమ్మాయ్," అంటోంది మా ఆవిడ అటుపక్క. "మొన్నే చెత్తబండిలో వేసేశాను."

"అన్నీనా? చిన్న ముక్కైనా..."

"ఒక్క పోగు కూడా లేదు."

ఆ అమ్మాయి గొంతు ఇంత దగ్గరగా వినబడేసరికి కుక్క ఒక్క విదిలింపు విదిలించింది. గుప్పిట్లోంచి తోక జారింది. రేకుపెట్టె ధన్ ధన్ ధన్‌మంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏంటక్కా ఆ చప్పుడు?"

"మా ఆయన. గోడకి మేకు కొడుతున్నారు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా ఆవిడ వృత్తే అతకడం. అయినా ఈ కుట్టు బయటికి కనబడిపోయింది, ఎందుకంటే మా ఇంట్లో మేకు కొట్టేది ఎవరో వీధి మొత్తానికీ తెలుసు. నేను తోక మీద పడి ఊపిరి బిగబట్టాను.

"పోనీలే అక్కా. నీకేం తెలుసు పాపం." సంచి గరగరమంది. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

మా ఆవిడ తలుపు తోసుకుని వచ్చి నిలబడింది. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది. సూది తీసి రవికకి గుచ్చుకుంది.

"మీరేం మాట్లాడకండి."

"నేనేమన్నాను?"

"అనబోతున్నారు. నాకూ చెవులున్నాయి, నేనూ విన్నాను. ఆయనకి కూతురుంది, ఇల్లుంది, కోటుంది. నాకు మీరు గుమ్మం దాటడం ఒక్కటే ఉంది. ఇవ్వను."

"దొంగతనమే అది."

"దొంగతనమే. జైల్లో పెట్టుకోమనండి. అక్కడా మిషనుంటుంది."

నిజం చెబుతున్నా, ఆ మాటకి సంతోషించాను. నేను మటుకు ఇచ్చేద్దామనుకున్నానా ఏమిటి? సొమ్మొకడిది సోకొకడిది అని ఊళ్ళోవాళ్ళని ఎన్నిసార్లు ఆడిపోసుకున్నానో లెక్కలేదు. తీరా నా దాకా వచ్చేసరికి ఆ సోకు నాకు ప్రాణమైపోయింది.

"అయినా కుక్క గుడ్డ కోసం వచ్చిందంటే నేను నమ్మను," అంది మా ఆవిడ. "మీ కోసం వచ్చింది. ఎవరు తిప్పారు? తిండి ఎవరు పెట్టారు?"

"అయితే చూద్దాం," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. గెలుస్తాననుకుని ఉంటాను. లైనింగు లాగి తలుపులోంచి కొట్లోకి విసిరేశాను. మంచం మీద కూర్చుని, కాలి పక్కన నేల తట్టి, "కండక్టరూ, ఇలా రా," అన్నాను.

అది నన్ను చూసింది. మర్యాదకి ఒకసారి తోక ఊపింది. తర్వాత కొట్లోకి వెళ్ళి, లైనింగు చుట్టూ తిరిగి, చంక దగ్గరి చిరుగులో ముక్కు దూర్చి పడుకుని, పొడుగ్గా ఊపిరి వదిలింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. మా ఆవిడ అటు తిరిగి మిషను మీద లేని దుమ్ము తుడిచింది. అది నన్ను నడిపించడానికి రాలేదు. రోజూ ఆ పెద్దాయన్ని వెతుక్కుంటూ వీధి చివరిదాకా వెళ్ళింది, వెనక నేను పడ్డాను. పెద్దరోడ్డు దగ్గర కూర్చుని అవతలికి చూసింది నా కోసం కాదు.

అయినా ఇచ్చేవాణ్ణి కాదేమో. కానీ రెండో మెట్టు అన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. ఆయన మళ్ళీ లేస్తాడు. కుక్క కోసం మెట్లెక్కుతాడు, ఈసారి పట్టుకునే మనిషి బడిలో ఉంటుంది. అప్పుడు ఎవరి తప్పూ లేదని ఎవరూ తేల్చలేరు.

"ఇల్లెక్కడ?" అన్నాను.

"నేను తీసుకెళ్తాను."

"నువ్వు మళ్ళీ అబద్ధమాడతావు."

"బడి పక్క సందు. నీలం గేటు." తర్వాత చాలా నెమ్మదిగా, "పెద్దరోడ్డు దాటాలండీ," అంది.

లైనింగు భుజాన వేసుకుని బయల్దేరాను. పాలబూతు దాటాను, పెద్దరోడ్డు అంచుకి వచ్చాను. రెండు పక్కలా బస్సులు. టైర్ల వేడి గాలి మోకాళ్ళకి కొడుతోంది. రోజూలాగే కుక్క కూర్చుంది. అంతలోనే ముక్కు పైకెత్తింది. కోటు అప్పుడే ఆ దారిన వెళ్ళింది కదా, వాసన తగిలినట్టుంది. పట్టీకి కట్టిన తాడు లాగేసింది. ఆగుదామంటే ఆగలేదు. కళ్ళు మాత్రం మూసుకోలేదు, ఎంతైనా డ్రైవర్ని. మధ్యలోకి వచ్చేసరికి పక్కనే బ్రేకు కీచుమంది. కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవరు అరిచాడు.

"ఏమయ్యా, ఇంట్లో చెప్పొచ్చావా?"

ఆ మాట నేనెంతమందిని అన్నానో. "చెప్పే వచ్చానయ్యా," అన్నాను. అప్పటికి అవతలికి చేరాను.

నీలం గేటు తీస్తుండగానే తాడు చేతిలోంచి పోయింది. వసారాలో కుర్చీలో ఒక బక్కపలుచని పెద్దాయన కునికిపాట్లు పడుతున్నాడు, ఒంటి మీద సరిపోయిన కోటు. కుక్క గెంతలేదు, మొరగలేదు. వెళ్ళి ఆయన ఒళ్ళో, కోటు మడతల్లోకి తల దూర్చి అలా ఉండిపోయింది.

"దొరా," అన్నాడాయన. చెయ్యి దాని వీపు మీద వాలింది. "ఏరా దొరా." నేను కండక్టరుని చేసి తిప్పినవాడు ఇక్కడ దొర. పెద్దాయన తలెత్తకుండానే లోపలికి కేకేశాడు. "ఏమ్మా, మేడ మీంచి ఎప్పుడు దించావే? చిక్కిపోలేదు. బాగానే చూసుకున్నావ్."

పంతులమ్మ గుమ్మంలోకి వచ్చింది. కుక్కని చూసింది. నన్ను చూసింది. నా భుజం మీది లైనింగు చూసింది. మనిషి ఎర్రబడింది. నోరు తెరిస్తే ఏమంటుందోనని నేల చూపులు చూశాను. ఆ అమ్మాయి తండ్రి వైపు చూసి, నా దగ్గరికి వచ్చి, మా ఇద్దరికే వినబడేట్టు అంది.

"మేకు కొట్టడం అయిందా బావగారూ?"

"అయిందమ్మా. పీకేశాను కూడా."

లైనింగు ఆమె చేతిలో పెట్టాను. ఇక దానితో వాళ్ళకి పనిలేదు, అయినా ఎవరి ముక్క వాళ్ళకి ముట్టింది. "ఇప్పుడే దించాను నాన్నా," అంది తండ్రితో. కుక్క ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకుంది. మంచినీళ్ళు తాగి వెళ్ళమంది పంతులమ్మ. వద్దన్నాను. అక్కడ ఇంకొక్క నిమిషం ఉంటే తాడు పట్టుకుని వెనక్కి లాక్కెళ్ళిపోయేవాణ్ణి.

తిరిగొచ్చి రోడ్డంచున నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఒక బస్సు పోయింది, ఇంకొకటి పోయింది. రోడ్డు ఖాళీ అయింది, నేను కదల్లేదు. మళ్ళీ నిండింది. పక్కన నిలబడ్డవాళ్ళంతా దాటేశారు. కాళ్ళు ఎప్పటిలాగే నావి కాకుండా పోయాయి. ఇంతేలే అనుకున్నాను. ఇక్కడే చీకటి పడుతుంది, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు, గది అలాగే ఉంటుంది.

అప్పుడు అవతలి అంచున మా ఆవిడ కనబడింది. మెడలో టేపు, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. కొట్టు తీసిపెట్టే పరిగెత్తుకొచ్చి ఉంటుంది. దాటి వచ్చి చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. రాలేదు. కుడి పక్కకి చూసింది, ఎడమ పక్కకి చూసింది. వస్తున్న ఆటోకి చెయ్యెత్తి, అది పోయేదాకా ఆగింది. మళ్ళీ రెండు పక్కలా చూసింది. తర్వాత రోడ్డంతా తిరిగి చూసేట్టు గొంతు చించుకుని అరిచింది.

"రైట్! రైట్!"

ఆ మాట మీద ఇక జన్మలో కదలనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, దించడం లేదు. నేను కుడి పక్కకి చూశాను. ఎడమ పక్కకి చూశాను. కదిలాను.