మోకాళ్ళ మేడమ్

టైలరు తన జన్మలో కుట్టిన చొక్కాల్లో గొప్పది ఏదంటే కూతురి బడి యూనిఫామే. ముందువైపు వరసగా గుండీలు, వాటికి ముచ్చటైన కాజాలు. అన్నీ ఉత్తుత్తివే. పట్టీ మొత్తం మూసి కుట్టేశాడు. అసలు దారి వీపు వైపు ఉంది, కుట్టులో కలిసిపోయిన సన్నటి జిప్పు. కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా దొరకదు. ఏడేళ్ళొచ్చినా పిల్లకి గుండీలు పెట్టుకోవడం రాదన్న సంగతి నలుగురికీ తెలియకూడదని ఆయన పడ్డ తంటా అది. పొద్దున్న అమ్మమ్మ జిప్పు పైకి లాగి పంపేది, సాయంత్రం అమ్మమ్మే కిందికి లాగేది. మధ్యలో బడి. బడిలో చొక్కా విప్పే పనేముంటుందిలే అనుకున్నాడు మహానుభావుడు.

ఈత క్లాసు మొదలయ్యేదాకా బండి బాగానే నడిచింది.

పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. మొదటి రోజు పిచ్చుక చొక్కాని తలమీదుగా లాగబోయి సగంలో ఇరుక్కుపోయింది. చేతులు రెండూ పైన, మొహం లోపల. ఈత టీచరమ్మ పరుగెత్తుకొచ్చి ముందున్న గుండీలు పట్టుకుని లాగింది. అవి కదిలితేగా. పక్కలు తడిమింది, భుజాలు తడిమింది. చివరికి ఓపిక నశించి, "ఈ చొక్కాకి దారెక్కడమ్మా?" అని పిల్లనే అడిగింది.

"మా అమ్మమ్మకి తెలుసు," అంది పిచ్చుక లోపల్నించి.

సాయంత్రం బడి గేటు దగ్గర టీచరమ్మ టైలరుని పక్కకి పిలిచింది. "బట్టలు తనంతట తను మార్చుకోవడం వచ్చాకే నీళ్ళలోకి దింపుతామండీ. ఆ గదిలోకి పెద్దవాళ్ళని రానివ్వం. పిల్లకి వేళ్ళలో పట్టు కూడా తక్కువున్నట్టుంది, పెన్సిలు పిడికిలితో పట్టుకుంటోందట. ఒకసారి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించండి. చేతిపనులు, రోజువారీ పనులు పిల్లలకి వాళ్ళే నేర్పిస్తారు."

టైలరు తల ఊపాడు గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆయన చూపంతా పిచ్చుక మీదే ఉంది. పిచ్చుకకి నీళ్ళంటే పిచ్చి. రోజూ సాయంత్రం షాపులో గుడ్డ తాన్ల మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఈత ప్రాక్టీసు చేసేది. అలాంటిది ఇంటికి వెళ్తూ, "అందరూ ఈదుతుంటే నేను తువ్వాళ్ళకి కాపలా ఉంటా నాన్నా. అది కూడా ముఖ్యమైన పనే అంది టీచరు," అని చెప్పింది.

అక్కడితో థెరపిస్టు కోసం వేట మొదలైంది. టైలరు భార్యది మందుల షాపులో ఉద్యోగం. దగ్గు మందుకి వచ్చినవాళ్ళనీ, తలనొప్పి బిళ్ళకి వచ్చినవాళ్ళనీ ఎవ్వర్నీ వదలకుండా అడిగింది. ఒకావిడ బెణుకులు సరిచేసే మరిది పేరు చెప్పింది. ఇంకొకాయన, వేళ్ళకి బలం రావాలంటే పిల్లకి కుస్తీ నేర్పించమన్నాడు. ఫోనులో వెతికితే ఒక థెరపిస్టు దొరికింది, ఊరికి ఆ చివర. ఖాళీ ఎప్పుడంటే వచ్చే ఏడాది. ఇంకొక చిరునామా పట్టుకుని వెళ్తే అక్కడ సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నారు.

ఎవరో చెప్పారని ఒక ఫిజియోథెరపీ ఆయన దగ్గరికి కూడా వెళ్ళారు. నడుములు పట్టుకున్న ముసలివాళ్ళ మధ్య పిచ్చుక కాళ్ళూపుకుంటూ కూర్చుంది. ఆయన పిల్లని వదిలేసి టైలరుని ఎగాదిగా చూశాడు. "పిల్లల సంగతి నాకు తెలీదు గానీ, మీ మెడ ఇలా వంగిపోయిందేంటి? పడుకోండి," అన్నాడు. టైలరు పడుకున్నాడు. మెడ బాగుపడింది. పిల్ల గుండీలు మాత్రం ఎక్కడివక్కడే.

ఇంట్లో అత్తగారిది ఇంకో పాట. "పిల్లకేం తక్కువని ఊరంతా తిప్పుతున్నారు? గుండీలు పెట్టడానికి నేను లేనా? నేను పోయాక తీరిగ్గా నేర్పించుకోండి." ఈ చివరి మాట వచ్చిందంటే ఇంట్లో ఇంకెవరూ నోరు మెదపరు. టైలరైతే పెళ్ళయిన దగ్గర్నించీ అత్తగారికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడు టైలరు షాపు గురించి ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ళ నాన్న మిషనుతోపాటు ఒక నియమం కూడా అప్పగించి పోయాడు. కొలతలు అడగాలి, కబుర్లు అడగకూడదు. మనిషి ఎందుకు చిక్కిపోయాడో, నల్ల కోటు ఏ పనికో టైలరుకి అనవసరం. ఆయన నియమం తప్పలేదు. కాకపోతే మనసులో ఒక్కొక్కరికీ ఒక పేరు పెట్టుకునేవాడు. జేబుల్లో మేకులు మోసే వడ్రంగి చిల్లుల జేబు. కాలరు కొరికే గుమస్తా కాలరయ్య. వాళ్ళలో ఒకావిడ మోకాళ్ళ మేడమ్.

మేడమ్ ఎప్పుడొచ్చినా ప్యాంట్లే తెచ్చేది. అన్నీ మోకాళ్ళ దగ్గరే అరిగిపోయి ఉండేవి. లోపలివైపు గుడ్డ వేసి గట్టిగా కుట్టిస్తే, మళ్ళీ చింపుకుని వచ్చేది. ఈవిడ నేలకి టైల్స్ వేస్తుందా, ఏదైనా మొక్కు తీర్చుకుంటోందా, లేక కిటికీల్లోంచి దూరే బాపతా అని టైలరు కుట్టినంతసేపూ ఆలోచించేవాడు. ఆలోచించేవాడే గానీ అడిగేవాడు కాదు.

ఒక సాయంత్రం మేడమ్ ఎప్పట్లాగే ప్యాంటు బల్లమీద పరిచింది. పిచ్చుక తాన్ల మీద ఈదుతోంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన టైలరు భార్య ఊపిరి తీసుకోకుండా మేడమ్‌తో, "ఏమండీ, మీకు తెలిసిన ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎవరైనా ఉన్నారా? పిల్లలకి చూసేవాళ్ళు?" అంది. ఆవిడకి నియమాలూ గియమాలూ లేవు.

"నేనే," అంది మేడమ్.

షాపులో మిషను ఆగిపోయింది.

"మీరా? ఎక్కడుంటారు?"

"వెనక వీధిలోనే, లాండ్రీ మేడమీద. పిల్లలతో రోజంతా నేలమీద పాకుతుంటాను కదా, అందుకే మోకాళ్ళు నిలవ్వు."

టైలరు భార్య నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. "ఈవిడ ఎన్నాళ్ళుగా వస్తున్నారు?"

"చాన్నాళ్ళుగానే," అన్నాడు టైలరు.

"ఒక్కసారైనా ఏం చేస్తారని అడగలేదా?"

"కొలతలు అడిగాను," అన్నాడు టైలరు.

ఆ రాత్రి ఇంట్లో ఆయనకి పెద్దగా మాటలు దక్కలేదు.

లాండ్రీ మేడమీద గదిలో పరుపులు, ఉయ్యాల, గింజలు నింపిన తొట్టి ఉన్నాయి. మేడమ్ నేలమీద పాకుతూ పిచ్చుకతో గింజల్లో గోళీలు వెతికించింది, తాడుకి బట్టల క్లిప్పులు పెట్టించింది, మట్టి ముద్దలు పిసికించింది. పిచ్చుక వేళ్ళు కాసేపటికే అలిసిపోయాయి. పిచ్చుక మాత్రం అలిసిపోలేదు. తర్వాత మేడమ్ ఆ మహా యూనిఫాంని తిప్పి తిప్పి చూసింది.

"ఇంత మంచి కుట్టు నేనెక్కడా చూడలేదండీ," అంది.

టైలరు ఉబ్బిపోయాడు.

"ఇందులో పిల్ల చేతులకి ఒక్క పని కూడా మిగల్చలేదు మీరు."

ఉబ్బు దిగిపోయింది. దారం తెగినవాడిలా కూర్చున్న టైలరుని చూసి మేడమ్ గొంతు తగ్గించింది. "వేళ్ళు మెత్తగా ఉండటం మీ తప్పు కాదు. పుట్టుకతోనే కొందరికి అలా ఉంటుంది. వాటికి పని ఎక్కువ కావాలి, మీరేమో సెలవిచ్చారు. ఒక చొక్కా కుట్టండి. కోటు గుండీలు, వెడల్పు కాజాలు. అది వచ్చాక ఇంకొంచెం చిన్నవి. పిల్ల పెట్టుకుంటున్నంతసేపూ మీరు మీ చేతుల మీద కూర్చోవాలి."

"చొక్కా కుడతాను. ఆ రెండోది కష్టం," అన్నాడు టైలరు నిజాయితీగా.

"తెలుసు. అందుకే అది మీ హోంవర్కు. అమ్మమ్మగారికి కూడా."

అప్పట్నించి ఆ ఇంట్లో పొద్దున్నలు నరకం. పిచ్చుక నాలిక బయటపెట్టి గుండీతో కుస్తీ పట్టేది. ఎదురుగా టైలరు చేతులమీద కూర్చుంటే, కాళ్ళు వాటంతటవే లేని మిషను తొక్కేవి. అత్తగారు వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేది. ఒకరోజు పిల్లని ముద్దుచేస్తున్నట్టు దగ్గరికి లాక్కుని, అడుగు గుండీ గుట్టుగా పెట్టేస్తూ కూతురికి దొరికిపోయింది. "ముసల్దాన్ని, చెయ్యి ఊరుకోదే," అంది. గుండీలు కోటు సైజు నుంచి దిగుతూ దిగుతూ మామూలు చొక్కా సైజుకి వచ్చాయి. సెలవులు దగ్గర పడ్డాయి. పిల్లని ఇక నీళ్ళలోకి దింపడానికి ఈత టీచరమ్మ సరేనంది.

ఆ రోజు టైలరు షాపు మూసేసి ఈత కొలను బయట నిలబడ్డాడు. లోపల్నించి ఈలలు, నీళ్ళ చప్పుడు, పిల్లల అరుపులు. తర్వాత బట్టలు మార్చుకుని పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. పిచ్చుక రాలేదు. అందరూ వెళ్ళిపోయారు. పిచ్చుక రాలేదు. మళ్ళీ చేతులు పైకెత్తి లోపల ఇరుక్కుపోయిందేమోనని ఆయనకి చెమటలు పట్టాయి.

చివరికి వచ్చింది. జుట్టు కారుతోంది. గుండీలు మొదట్లోనే ఒక కాజా తప్పి, ఆ తప్పు చివరిదాకా పోయింది. కాలరు ఒకవైపు చెవికి తగులుతోంది, చొక్కా అంచు ఇంకోవైపు తొడ మీదికి వేలాడుతోంది.

"నీళ్ళు ముక్కులోకి పోయాయి నాన్నా," అంది గర్వంగా.

బస్సులో ముక్కూమొహం తెలియనివాడి కాలరు వంకరగా ఉన్నా నిద్రపట్టని మనిషి టైలరు. చెయ్యి దానంతటదే లేచింది. సగం దూరం వెళ్ళాక ఆయన దాన్ని తిప్పుకొచ్చి తన తల గోక్కున్నాడు. ఏడుపొచ్చింది, సంతోషంతోనే వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని నడి వీధిలోంచి నడిచాడు.

కాలరయ్య ఎదురుపడ్డాడు. "ఏంటి టైలరుగారూ, ఈ చొక్కా మీ షాపుదేనా?"

"గుడ్డ మాది. గుండీలు ఈవిడవి," అన్నాడు టైలరు.

గుమ్మంలో అత్తగారు చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, ఇలాగేనా బాబూ పిల్లని ఊరంతా ఊరేగించుకొచ్చావు?" అంటూ వంగి పై గుండీ అందుకోబోయింది.

"చెయ్యి తియ్యండి అత్తయ్యగారూ," అన్నాడు టైలరు.

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. ఎవరో కొత్తవాళ్ళు వచ్చారనుకుని ఆయన భార్య లోపల్నించి తొంగి చూసింది. అత్తగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

పిచ్చుక వీళ్ళెవర్నీ పట్టించుకోలేదు. తల వంచి తన చొక్కా చూసుకుంది. "ఓ, తప్పు పడ్డాయి," అని గుమ్మం మీద కూలబడి, పై నుంచి ఒక్కొక్క గుండీ తియ్యడం మొదలుపెట్టింది. మొదటిది జారింది. మళ్ళీ పట్టుకుంది.

అత్తగారు అల్లుడి వంక కాసేపు చూసింది. కుర్చీ లాక్కుని మనవరాలి ఎదురుగా వేసుకుంది. రెండు అరచేతులూ కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.