మూలుగబొక్క మర్యాద

ఒక మూలుగబొక్క కోసం మా ఆడబిడ్డ ఆండాళు ఎండాకాలం నుంచి పుట్టింట్లోనే కూర్చుని ఉంది. దసరా కూడా దాటిపోయింది.

జరిగింది ఇంతే. పెళ్ళయిన పదహారు రోజుల పండుగకు కొత్త అల్లుడు భిక్షపతి, అతని తండ్రి గండయ్య చిట్యాల నుంచి నల్లగొండలోని మా ఇంటికి వచ్చారు. మా అత్త రాజమ్మ కూర వడ్డించింది. కొత్త అల్లుడెవరో, పాత అల్లుడెవరో గంటెకేం తెలుసు? మూలుగ నిండిన ఆ ఎముక పోయి పెద్దల్లుడి విస్తరిలో పడింది. గండయ్య దిగ్గున లేచాడు.

"మా పోరనికి మెత్తటి ముక్కలేసి, పాతల్లునికి మూలుగేస్తరా? మేమంటే గింత అగ్గువనా?"

ఆయన చెప్పులేసుకున్నాడు. కొడుకు చెయ్యైనా కడుక్కోకుండా తండ్రి వెంట నడిచాడు. పిల్ల మాత్రం ఇక్కడే మిగిలింది.

మా మామ చంద్రయ్య ఆ వారమే యాదగిరిగుట్ట ఎక్కి మొక్కుకున్నాడు. ఆండాళు అత్తగారి గడపలో కాలు పెట్టేదాకా మాంసం తినడు, ముట్టడు, కంటితో చూడడు. మాంసం ఎంచడంలో ఆయనంతటి మనిషి నల్లగొండలో లేడని పేరు. ఆ పేరు పెట్టిందీ ఆయనే.

ఆండాళు మాత్రం మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఒకనాడు రాట్నం ఆపి నన్నడిగింది.

"వదినా, నేను గా బొక్కకన్న తక్కువనా?"

బి.ఏ.లో నాకు చాలా ప్రశ్నలు ఇచ్చారు. ఇంత కష్టమైనది ఒక్కటీ ఇవ్వలేదు.

చివరికి గండయ్య నుంచి కబురు వచ్చింది. "ఐతారం వస్తం. తింటం. మర్యాద సూస్తం. మనసున పడితే పిల్లను తోలుకపోతం."

ఇంట్లో అందరూ నా వైపు చూశారు. మామకు మొక్కు అడ్డం. నా భర్త రఘుపతి తహసీలు కచేరీలో గుమాస్తా. విస్తరి ముందు ఎంతటి మాంసానికీ జంకడు గానీ, పచ్చిమాంసం కనబడితే గోడ పట్టుకుంటాడు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కటిక మార్కెట్టుకు పోయే ఆచారం లేదు. ఆ సంగతి నేను గుర్తుచేస్తే అత్త కొట్టిపారేసింది.

"పట్నంల ఉండి బీయే సదివినవు. ఒక బొక్క తేలేవా?"

ఆదివారం పొద్దున్నే మామ ముందు, సంచి పట్టుకుని నేను వెనక. దారి పొడుగునా ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆయన మొక్కు నోటికి వర్తించదు మరి.

"ఎనక కాలు సూడాలె. సన్నంగుంటే వద్దను. బొక్కను నడుమ కొట్టనియ్యకు. కొడితే మూలుగంత కారిపోతది. వింటున్నవా?"

"వింటున్న మామా."

"ఏం వింటున్నవ్? సెప్పు మల్ల."

అప్పజెప్పాను.

మార్కెట్టు వీధి దూరం నుంచే తెలుస్తుంది. ముందు కాకులు, తర్వాత కుక్కలు, తర్వాత గిన్నెలకు కళాయి పూసే వాడి కొలిమి, దాని పక్కన కత్తులు సానబట్టే చక్రం కీచుమంటూ. గరంమసాలా, పుదీన, నిమ్మకాయలు అమ్మే ఆడవాళ్ళు గోడ పొడుగునా కూర్చుంటారు. లోపల మాంసం కొన్నవాడు వాళ్ళను దాటి పోలేడు. అందరి నెత్తిమీద రాతి కమాను. దాని మీద నైజాం కాలపు ఉర్దూ అక్షరాలు సగం రాలిపోయి ఉన్నాయి. నైజాం పోయాడు, సేర్లు పోయి కిలోలు వచ్చాయి. ఈగలు మాత్రం ఏ సర్కారు వచ్చినా కదల్లేదు.

మామ కమాను ఎదుట సోడా దుకాణం దగ్గర ఆగాడు. మార్కెట్టుకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"నేనీడనే ఉంట. ఏమన్న అనుమానమొస్తె వచ్చి అడుగు. సంచి మాత్రం నాకు సూపియ్యకు."

లోపల నున్నగా అరిగిన బండల మీద మేకతలలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఆండాళు సంగతి తేల్చడానికి కూర్చున్న మా కులపెద్దల కంటే అవే ప్రశాంతంగా కనబడ్డాయి. నేను అడుగుపెట్టగానే కత్తులన్నీ ఒక్కసారి ఆగాయి. కటిక సోమన్న మా మామను ఎరిగినవాడు.

"జరుగున్రి, జరుగున్రి! చంద్రయ్య పటేలు కోడలు, బీయే అమ్మ అచ్చింది! పటేలు ఏడమ్మా?"

"బయట నిలబడ్డడు. మొక్కు."

"గాయన రాకుంటె మాకు పానం హాయిగున్నది. ఏం గావాలె?"

"ఎనక కాలు. నడుమ కొట్టొద్దు. మూలుగ సక్కగుండాలె."

సోమన్న కత్తి పక్కన పెట్టాడు. "గదే లేదు. మూలుగబొక్కలు ఇయ్యాల మార్కెట్ల ఎవ్వని తాన లెవ్వు. ఒగాయన తెల్లారంగనే వచ్చి అన్ని దుకాన్లు తిరిగి ఊడ్సుకుండు. అగో, గాడ పొట్లం కట్టుకుంటుండు."

చూశాను. స్తంభం చాటున మోదుగాకుల పొట్లం ఒకటి చంకలో ఇరికించుకుని, ఇంకొకటి దారంతో చుడుతున్న మనిషి మా కొత్త అల్లుడు భిక్షపతి.

నన్ను చూడగానే పొట్లాన్ని వీపు వెనక్కి తిప్పాడు. దాచడానికి అది జామపండు కాదు.

"అక్కా! నువ్వు... గిక్కడ?"

"మర్యాద కొనుక్కపోదామని వచ్చిన తమ్మీ. అంత నువ్వే కొన్నవంట."

అతను అటూ ఇటూ చూశాడు. "మొదటి బస్సుకే వచ్చిన. బాపు ఎనక బస్సుకు వస్తడు. మీ ఇంట్ల మల్ల తక్కువ పడితే బాపు మల్ల లేస్తడు. ఆండాళుకు దొడ్డి తలుపు కాడ ఇచ్చి, మల్ల బస్టాండుకు పోయి, బాపుతోని కలిసి వద్దామనుకున్న."

"నీకు మూలుగంటే గంత పానమా?"

"నాకా?" అతను ముఖం చిట్లించాడు. "నాకు పడదక్కా. గా వాసనకే కడుపుల దేవుతది."

నేను సంచి కింద పెట్టాను. పెట్టకపోతే దానితోనే కొట్టేదాన్ని.

"పడదా? మరి గారోజు లేసినవెందుకు?"

"బాపు లేసిండు గద."

"గా ఒక్క మాట గారోజు సెప్పరాలేదా? నీ పెండ్లాం ఇన్ని నెల్లు కండెలు సుట్టుకుంట కూసున్నది!"

"బాపు ముంగట ఎట్ల సెప్త అక్కా? నేను గూడ ఇన్ని నెల్లు గొడ్డుకారం తింటున్న."

దొంగతనంగా మొదటి బస్సెక్కగలడు, మార్కెట్టంతా ఊడ్చగలడు, దొడ్డితోవన బొక్కలు మోయగలడు, తండ్రి ముందు ఒక్క మాట మాత్రం అనలేడు. అల్లుడు అత్తగారింటికి తన కూర తనే మోసుకొచ్చాడంటే మా మామ ఏమవుతాడో కూడా అతనికి తట్టినట్టు లేదు. మాకు తిండిపెట్టే గతి లేదన్నట్టే కదా!

నేను చెయ్యి చాపాను. "పొట్లాలు ఇటియ్యి. మీ బాపు ముంగట గా మాట ఇయ్యాల సెప్పాలె. సెప్పకపోతివా, నువ్వు మాంసం మోసుకొచ్చిన ముచ్చట మా మామకు సెప్త. సోడా దుకాణం కాడనే ఉన్నడు."

భిక్షపతి ముఖం పక్కనున్న తలల వరుసలో కలిసిపోయింది. పొట్లాలు నా సంచిలో పడ్డాయి.

బయటికి వచ్చేటప్పుడు ఇబ్బంది ఏమీ కాలేదు. మామ మొక్కు ప్రకారం వీపు తిప్పే ఉన్నాడు. అల్లుడు ఆ వీపు వెనకనుంచే పిల్లిలా దాటిపోయాడు.

"దొరికిందా?" అన్నాడు మామ, సోడాసీసాను చూస్తూ.

"దొరికింది మామా. మార్కెట్ల ఉన్నదంత మనదే."

"నేను సెప్పినట్టు అడిగినవు గాబట్టి" అన్నాడు.

మధ్యాహ్నం గండయ్య, అతని వెనక అమాయకంగా భిక్షపతి వచ్చారు. మామ అవతలి గదిలో గోడ వైపు తిరిగి పప్పన్నం ముందు కూర్చున్నాడు. మళ్ళీ పొరపాటు కాకుండా అత్త చేతిలోని గంటె నేను తీసుకున్నాను. ఆండాళు తలుపు వెనక నిలబడింది. ఆమె పెట్టె సర్ది ఉందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూలుగబొక్కలన్నీ, ఒక్కటి తప్ప, భిక్షపతి విస్తరిలో కుప్పపోశాను. అన్నం కనబడలేదు.

గండయ్య మీసం దువ్వాడు. "గిదీ మర్యాదంటే! తినురా."

భిక్షపతి కుప్ప వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను అవతలి గది వైపు చూశాను. అప్పుడు తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి. అతను అటు తిరిగాడు. ఆండాళు ముఖంలో ఏం కనబడిందో గానీ, కళ్ళు గట్టిగా మూసుకుని అనేశాడు.

"బాపూ, నాకు మూలుగ పడదు."

"ఏందిరా?"

"పడదు. గారోజు గూడ పడదు. ఎప్పుడూ పడదు."

"మరి నీకోసమే గదరా లేసింది! గప్పుడెందుకు సెప్పలె?"

"నువ్వు సెప్పనిస్తివా?"

"ఏమైందే? మల్ల ఏమైంది?" అని అవతలినుంచి గోడతో అన్నాడు మామ.

భిక్షపతి బొక్కలు ఒక్కొక్కటే తీసి తండ్రి విస్తరిలో పెట్టాడు. గండయ్య కోపంగా వాటిని చూశాడు. చూస్తూ ఉండగానే ఆయన చెయ్యి ఒకదాన్ని ఎత్తింది. తర్వాత ఇంటిల్లిపాదికీ వినబడేలా జుర్రుమన్న చప్పుడు. ఆ పండుగనాడు ఎవరి విస్తరిలో ఏది పడలేదని ఆయన లేచాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఆండాళు తలుపు దాటి ముందుకు వచ్చింది. నెత్తిమీద కొంగు సర్దుకుంది, గొంతు మాత్రం తగ్గించలేదు.

"మామా, నేనొస్త. ఒక్క మాట. ఇగ మీద మీ ఇంట్ల కూర నేనే వడ్డిస్త. ఎవలి ఇస్తార్ల ఏది పడితే గదే తినాలె. బొక్క కోసం లేసుడు, పిల్లను ఇడిసిపెట్టుడు మల్ల ఉండొద్దు. సరేనా?"

గండయ్య నోట్లో బొక్క ఉంది. అందులో మూలుగ ఇంకా సగమే వచ్చింది. "ఊఁ" అనడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది.

పెట్టె సర్దే ఉందట.

సాయంత్రం బస్సు ఎక్కించి వచ్చిన మామ కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వచ్చాడు. నేను అప్పుడే పళ్ళెం ముందు కూర్చున్నాను. దాచిపెట్టిన ఆ ఒక్క మూలుగబొక్క నా అన్నం మీద ఉంది.

"ఇగ మొక్కు తీరింది. ఏమన్న మిగిలిందా బిడ్డా?" ఆయన మెడ సాగింది.

"యాడ తీరింది మామా?" అన్నాను బొక్క చేతికి తీసుకుంటూ. "ఆండాళు అత్తగారి గడప తొక్కాలె గద. బస్సు ఇంక నార్కట్‌పల్లి గూడ దాటలే. జర అటు మర్లి కూసోన్రి."